కోరింగ మడ అడవి నుంచి కొల్లేటి దాకా: ఆటుపోట్లు చూసుకుని వేసుకునే ఐదు రోజుల యాత్ర

గోదావరి డెల్టాకి సెలవులకి వచ్చేవాళ్లు మామూలుగా ముందు హోటల్ వెతుకుతారు, తర్వాత రైలు టిక్కెట్లు తీసుకుంటారు, కోరింగలో బోటు ఎలాగూ ఉంటుందిలే అని చివరికి వదిలేస్తారు. ఈ వరసే తిరగేయాలి. ఇక్కడి అడవిలో జీపు దారులు లేవు. ఉన్నవి కాలవలు. ఆ కాలవలో నీళ్లుంటేనే పడవ కదులుతుంది, నీళ్లు తీస్తేనే బురద బయటపడి పిట్టలూ పీతలూ కనబడతాయి. రోజుకు రెండుసార్లు సముద్రం చేసే ఈ పని మీ సెలవు చూసి జరగదు. అందుకని ముందు నెల, తర్వాత పోటు సమయం, ఆ తర్వాతే గది, టిక్కెట్.

ఈ మార్గదర్శి ఐదు పగళ్లు, నాలుగు రాత్రుల యాత్రకి. కాకినాడలో మొదలై, కోరింగ, యానాం, కోనసీమ, అంతర్వేది మీదుగా కొల్లేటి సరస్సు ఒడ్డున పక్షుల కేంద్రం ఉన్న ఆటపాకలో ముగుస్తుంది. మూడు రోజులే చేతిలో ఉంటే కోనసీమ భాగం తగ్గించండి గానీ కోరింగకి ఒక్క పూటే కేటాయించకండి.

ఏ నెల

డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా అన్నిటికంటే మంచి కాలం. వలస పిట్టలు దిగి ఉంటాయి, ఎండ భరించగలం, సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే రోజులూ ఇవే. మార్చిలో తాబేలు పిల్లలు బయటికొస్తాయి, కానీ పదింటికే ఎండ పేలుతుంది. పిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకి మార్చి వద్దు.

జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరికి వరద. ఎర్రనీరు వస్తుంది, పులస వస్తుంది, తినడానికి రావచ్చు. అడవి కోసం మాత్రం రాకూడదు. పంట్లు (మనుషుల్నీ బండ్లనీ నది దాటించే పెద్ద పడవలు), బోట్లు ఏ రోజు ఆగుతాయో చెప్పలేం. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారం దాకా తుఫాన్ల భయం. 1996 నవంబరు 6న కోనసీమని ఊడ్చేసిన తుఫాను ఈ కాలంలోదే. ఆ నెలల్లో రావాల్సి వస్తే డబ్బు వెనక్కిచ్చే టిక్కెట్లు, గదులే తీసుకోండి. బయల్దేరే ముందు వాతావరణ శాఖ బులెటిన్ వరసగా నాలుగు రోజులు చూడండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. రేవులు బోసిపోయి ఉంటాయి, సముద్రపు చేప సరిగ్గా దొరకదు.

రెండు పండగల సంగతి ముందే చూసుకోండి. సంక్రాంతికి కోనసీమలో గది దొరకడం కష్టం. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలని వచ్చేవాళ్లయితే అది వేరే యాత్ర, నెలల ముందే గది మాట్లాడుకోవాలి. అలాగే మాఘమాసంలో అంతర్వేది కల్యాణం రోజుల్లో, ముఖ్యంగా రథోత్సవం జరిగే భీష్మ ఏకాదశినాడు, అక్కడ సముద్రం చూడాలనుకోవడం వృథా. చూడగలిగేది జనాన్నే.

పోటు లెక్క

కాకినాడ తీరంలో రోజుకి రెండు పోట్లు (నీరెక్కడం), రెండు ఆట్లు (నీరు తీయడం). పోటుకీ ఆటుకీ మధ్య సుమారు ఆరు గంటలు. ఇవాళ్టి పోటు కంటే రేపటిది దాదాపు యాభై నిమిషాలు ఆలస్యం. అంటే ఒక్క రోజు సమయం తెలిస్తే రాబోయే వారం మొత్తం మీరే కాగితం మీద వేసుకోవచ్చు. ఈరోజు ఉదయం ఏడింటికి నీళ్లు పూర్తిగా తీస్తే, వారం తర్వాత అదే ఏడింటికి ఇంచుమించు నిండుగా ఉంటాయి. ఈ ఒక్క లెక్క తెలియకే చాలామంది శనివారం స్నేహితుడు ఫోటోలు తీసిన చోటికి వచ్చే శనివారం వెళ్లి, ఏమీ కనబడలేదని తిరిగొస్తారు.

తిథి కూడా చూడాలి. అమావాస్యకి, పౌర్ణమికి, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు పోటు పెద్దది, ఆటూ పెద్దదే. బురద మైదానాలు దూరం వరకు బయటపడతాయి, పిట్టలకి పండగ. కానీ కాలవలో లాగుడు ఎక్కువ, పూర్తి ఆటులో చిన్న కాలవలు పడవకి అందవు. అష్టమి చుట్టూ తేడా తక్కువ. నీరు నిదానంగా ఎక్కి నిదానంగా దిగుతుంది. పసిపిల్లలు, నీళ్లంటే భయపడే పెద్దవాళ్లు ఉంటే అష్టమికి దగ్గరగా పెట్టుకోండి. పిట్టల కోసమే వచ్చేవాళ్లకి అమావాస్య, పౌర్ణములే మేలు.

ఇప్పుడు అసలు పని. ఇంటర్నెట్‌లో కాకినాడ పోర్టు ఆటుపోట్ల పట్టిక తెరవండి. ఉదయం ఆరుకీ ఎనిమిదికీ మధ్య పూర్తి ఆటు పడే రోజులకి గుర్తు పెట్టండి. కారణం ఇది: అభయారణ్యం టిక్కెట్ కౌంటరు తెల్లవారుజామున తెరవదు. మీరు లోపలికి వెళ్లేసరికి నీళ్లు తీసి ఉండి, బురద మీది జీవం కనబడుతుంది. మరో గంటన్నర, రెండు గంటలకి నీరెక్కడం మొదలై పడవకి సరిపడా లోతు వస్తుంది. ఒడ్డున బురద మాత్రం ఇంకా కొంత తేలే ఉంటుంది. ఈ సగం పోటు సమయమే పడవకి సరైనది. నిండు పోటులో వెళ్తే నీళ్లు చెట్ల మొదళ్ల దాకా వచ్చి, రెండు పక్కలా పచ్చటి గోడ తప్ప ఏమీ ఉండదు.

పట్టికలోది పోర్టు దగ్గరి సమయమని మరిచిపోకండి. కాలవల లోపలికి పోటు అందడానికి ఇంకా సమయం పడుతుంది. ఎంత ఆలస్యమన్నది కాలవని బట్టి మారుతుంది, అది పడవవాళ్లకే తెలుసు. ముందురోజు ఫోన్ చేసి "రేపు పోటు ఎన్నింటికి ఎక్కుతుంది?" అని అడగండి. "బోటు ఎన్నింటికి ఉంది?" అని అడిగితే ఎప్పుడైనా రమ్మంటారు.

దారి, బస

కాకినాడలో రెండు రాత్రులు, దిండి లేదా రాజోలు చుట్టుపక్కల రెండు రాత్రులు. రైలులో వచ్చేవాళ్లకి సామర్లకోట జంక్షన్ ప్రధాన లైను మీద ఉంది, అక్కడి నుంచి కాకినాడ పదిహేను కిలోమీటర్లు. విమానమైతే రాజమహేంద్రవరం దగ్గర మధురపూడి. అక్కడి నుంచి కారులో రెండు గంటలు పడుతుందని లెక్కేసుకోండి.

కాకినాడ ముందు, కోనసీమ తర్వాత అని చెప్పడానికి కారణం ఉంది. కోరింగలో ఒక ఉదయం పాడైతే, వాన పడినా, బోట్లు ఆగినా, రెండో ఉదయం చేతిలో ఉండాలి. యాత్ర చివర్లో కోరింగ పెట్టుకుంటే ఆ వెసులుబాటు ఉండదు.

కాకినాడ నుంచి కోరింగ, యానాం, అమలాపురం, రాజోలు అన్నీ 216వ జాతీయ రహదారి మీదో, దానికి దగ్గర్లోనో ఉంటాయి. పేరుకి జాతీయ రహదారి గానీ ఊళ్ల మధ్యలోంచి పోతుంది. కొబ్బరి లారీలు, ట్రాక్టర్లు, కాలవ గట్టు మలుపులు ఉంటాయి. గంటకి ముప్పై, ముప్పై అయిదు కిలోమీటర్ల కంటే ఎక్కువ లెక్కేసుకోకండి. సొంత కారు లేకపోతే నాలుగు రోజులకి డ్రైవరుతో బండి మాట్లాడుకోవడం తేలిక. మాట్లాడుకునేటప్పుడే రాత్రి బత్తా, పంటు చార్జీ ఎవరివో తేల్చుకోండి.

మొదటి రోజు: ఉప్పాడ వైపు

మధ్యాహ్నానికి కాకినాడ చేరితే సాయంత్రం ఉప్పాడ బీచ్ రోడ్డు. ఇది సముద్రం కోస్తున్న తీరం. అలలు రోడ్డు అంచుని తినడం, రాళ్లు వేసి నిలబెట్టడం, మళ్లీ కొట్టుకుపోవడం ఏళ్లుగా జరుగుతోంది. పెద్ద పోటు రోజుల్లో, గాలి ఎక్కువున్నప్పుడు నీళ్లు రోడ్డు మీదికే వస్తాయి, రాకపోకలు ఆపేస్తారు. వెళ్లే ముందు దారి తెరిచి ఉందో లేదో కనుక్కోండి. ఉప్పాడ జామ్‌దానీ చీర నేసేది చూడాలంటే పగటి వెలుగుండగా వెళ్లాలి. కొనకపోయినా మగ్గం ముందు పావుగంట కూర్చోండి.

రెండో రోజు: కోరింగ

కోరింగ అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. గోదావరి పాయ గౌతమి సముద్రంలో కలిసే చోట కాలవలుగా చీలి, తెచ్చిన ఒండ్రుని పరిస్తే ఆ ఒండ్రు మీద లేచిన అడవి ఇది. దానికి తూర్పున, బంగాళాఖాతానికీ కాకినాడ అఖాతానికీ మధ్య, పదహారు కిలోమీటర్ల చిల్లర పొడవున హోప్ ఐలాండ్ ఇసుక మేట. కాకినాడ రేవుని అలల దెబ్బ నుంచి కాపాడుతున్నది అదే. హోప్ ఐలాండ్ మీద దిగడానికి అటవీ శాఖ అనుమతి ఉండాలి. తాబేళ్ల కాలంలో అడగకపోవడమే మర్యాద.

ముందు చెక్క బాట మీద నడవండి, పడవ తర్వాత. ఈ వరస ముఖ్యం. ఆటులో బాట కింద బురద తేలి ఉంటుంది, నీరెక్కితే అంతా మూసుకుపోతుంది. గంట, గంటన్నర ఇవ్వండి. చాలామంది పది నిమిషాల్లో బాట దాటి బోటు దగ్గర క్యూలో నిలబడతారు. ఒకచోట ఆగి, రైలింగ్ మీద మోచేతులు ఆనించి, కదలకుండా ఐదు నిమిషాలు కింద చూడండి. మీ అడుగుల చప్పుడుకి బొరియల్లోకి దూరిన పీతలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. మగ పీతకి ఒక డెక్క ఒంటికి మించినంత పెద్దది. దాన్ని పైకెత్తి దించుతూ ఆడపీతని పిలుస్తుంది. పక్కనే వేలెడంత చేప రెక్కలు ఊతగా బురద మీద పాకుతుంది, ఉన్నట్టుండి ఎగురుతుంది. ఒళ్లు తడిగా ఉన్నంతసేపు అది నీళ్ల బయట బతకగలదు.

చెట్లు గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. నేలలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేళ్లు పైకి లేచి ఉంటే అది మడ. బురదలో గాలి ఆడదు, ఆ వేళ్లతోనే చెట్టు ఊపిరి తీసుకుంటుంది. తెల్లమడ ఆకుని వేలితో రుద్ది నాలికకి తగిలించండి, ఉప్పగా ఉంటుంది. తాగిన ఉప్పుని ఆకుల మీదికే నెట్టేస్తుంది. కాండం నుంచి వంపు తిరిగిన ఊతవేళ్లు దిగి ఉంటే ఉప్పుపొన్న. దాని గింజ చెట్టు మీదే మొలకెత్తి, సన్నటి ఆకుపచ్చ కాయలా వేలాడి, బురదలో పడి పాతుకుంటుంది. తిల్ల చెట్టుతో మాత్రం జాగ్రత్త. కొమ్మ విరిస్తే పాలు కారతాయి, అవి కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పిల్లలకి ముందే చెప్పండి: ఇక్కడ ఏ ఆకూ తుంచొద్దు, ఏ కొమ్మా విరవొద్దు.

పడవ ఎక్కే ముందు నాలుగు మాటలు తేల్చుకోండి. రేటు మనిషికా, బోటుకా. ఎంతసేపు. ఎక్కడిదాకా. లైఫ్ జాకెట్ అందరికీ ఉందా. జాకెట్ ఒంటి మీద వేసుకుని తాళ్లు బిగించాలి, ఒళ్లో పెట్టుకుంటే పనికిరాదు. 2019 సెప్టెంబరులో ఇదే గోదావరి ఎగువన కచ్చులూరు దగ్గర బోటు మునిగి పదుల మంది పోయారు. ఎక్కాల్సిన వాళ్ల కంటే ఎక్కువమందిని ఎక్కిస్తుంటే దిగిపోండి, డబ్బు పోయినా ఫర్వాలేదు. కుదిరితే చిన్న కాలవలో ఇంజన్ ఆపి గెడతో తోయమని అడగండి. ఇంజన్ చప్పుడుతో వెళ్లినంతసేపు మీకు పారిపోయే పిట్టల వీపులే కనబడతాయి.

ఏం కనబడుతుంది? లకుముకి పిట్టలు, కొంగలు, గరుడ గద్ద దాదాపు ఖాయం. అదృష్టముంటే నీటికుక్కల గుంపు, ఒడ్డు మీద నక్క. ఇక్కడ అందరూ అడిగే బావురుపిల్లి (చేపలు పట్టే అడవి పిల్లి, ఫిషింగ్ క్యాట్) రాత్రిపూట తిరిగే జంతువు. పగటి బోటులో అది కనబడుతుందని ఎవరైనా మాట ఇస్తే నమ్మకండి. దాని జాడ మాత్రం వెతకొచ్చు. ఆటులో కాలవ ఒడ్డున మెత్తటి బురద మీద నాలుగు వేళ్ల అడుగు. మామూలుగా పిల్లి జాడలో గోళ్లు కనబడవు. దీని గోళ్లు పూర్తిగా లోపలికి పోవు కాబట్టి బురదలో గోటి గీతలు కూడా పడొచ్చు. అయిదు వేళ్లు, మధ్యలో పొర అచ్చు, పక్కన చేప పొలుసుల రెట్ట ఉంటే అది నీటికుక్క. జంతువు కనబడని రోజున జాడ చదవడం నేర్చుకున్నవాళ్లకి ఉదయం వృథా పోదు.

చలికాలంలో కాకినాడ అఖాతంలో ఇసుక మేటల మీద ఇండియన్ స్కిమ్మర్లు దిగుతాయి. నలుపు తెలుపు ఒళ్లు, నారింజ రంగు ముక్కు. కింది ముక్కు పైదాని కంటే పొడుగు. నీటి మీద తక్కువ ఎత్తున ఎగురుతూ ఆ కింది ముక్కుతో నీటిని కోసుకుంటూ పోతుంది, చేప తగలగానే మూస్తుంది. ప్రపంచంలోనే తక్కువగా మిగిలిన పిట్ట ఇది. మేట మీద గుంపు కనబడితే పడవని దూరంగానే ఆపండి. ఒక్కసారి లేపితే అవి పోటు పూర్తయ్యేదాకా కుదురుగా కూర్చోవు. పోటు వేళ అవి విశ్రాంతి తీసుకునేది ఆ కాస్త ఇసుక మీదే.

మూడో రోజు: యానాం మీదుగా కోనసీమ

కోరింగ మొదటి ఉదయం బాగా జరిగితే ఇవాళ నిదానంగా బయల్దేరండి, లేకపోతే ఈ ఉదయం మళ్లీ కోరింగకే. యానాంలో గౌతమి ఒడ్డున ఒక గంట చాలు. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉండి ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. అక్కడ కొన్న మద్యం ఆంధ్రలోకి తెస్తే కేసవుతుంది. యానాం, ఎదుర్లంక మధ్య బాలయోగి వారధి దాటితే కోనసీమ. అమలాపురంలో భోజనం, బోడసకుర్రు వంతెన దాటి సాయంత్రానికి దిండి. అక్కడ గోదావరి మరో పాయ వశిష్ట ఒడ్డున పర్యాటక శాఖ రిసార్టు, హౌస్‌బోట్లు ఉన్నాయి. వారాంతం హౌస్‌బోటు కావాలంటే ముందే బుక్ చేయాలి.

నాలుగో రోజు: అంతర్వేది

మ్యాపు చూసి మోసపోయేది ఇక్కడే. నరసాపురం నుంచి అంతర్వేది ఎదురుగా కనబడుతుంది, మధ్యలో వశిష్ట. నరసాపురం రేవు నుంచి సఖినేటిపల్లికి పంటు మీద కారు కూడా దాటించొచ్చు. అది ఆగితే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. వరదలో, గాలివానలో, చీకటి పడ్డాక పంటుని నమ్ముకోకండి. దిండి, రాజోలు వైపు బస పెట్టమన్నది ఇందుకే, అక్కడి నుంచి అంతర్వేదికి నది దాటక్కర్లేదు.

ఉదయాన్నే లక్ష్మీనరసింహస్వామి దర్శనం, తర్వాత నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు. అక్కడ చూడండి, దిగకండి. ఆటు వేళ నది వడి, తీసే నీరు రెండూ ఒకేవైపు, సముద్రంలోకి లాగుతాయి. మోకాళ్ల లోతులో నిలబడ్డ మనిషి కాళ్లకింద ఇసుక జారిపోతుంది. ఈత వచ్చినవాడికీ అంతే. ఓడలరేవు దగ్గర వైనతేయ పాయ ముఖం కూడా ఇలాంటిదే. స్నానం చేయాలనుంటే నదీముఖానికి దూరంగా, స్థానికులు దిగేచోట, నీరు ఎక్కుతున్న వేళ, నడుము లోతు దాటకుండా.

జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరాల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో వంద గుడ్ల చుట్టూ ఉంటాయి, పిల్లలవడానికి నెలన్నర నుంచి రెండు నెలలు. సొంతంగా టార్చిలేసుకుని వెతకడం తప్పు. వెలుగు చూస్తే తల్లి గుడ్లు పెట్టకుండానే తిరిగిపోతుంది, పిల్లలు సముద్రం వదిలి లైటు వైపు నడుస్తాయి. అటవీ శాఖవాళ్లు గుడ్లు సేకరించి కాపాడే చోట అనుమతి అడిగి, వాళ్లతోనే వెళ్లండి. ఎదురుపడితే వెనక వైపు దూరంగా కూర్చోండి, ఫ్లాష్ వద్దు. ఇసుక మీద కారు నడపడం ఈ నెలల్లో అసలే వద్దు. గూళ్లు నలుగుతాయి, చక్రం కూరుకుంటే పోటు వచ్చేలోపు బండి తీయడమూ కష్టం. చచ్చిన తాబేలు కనబడితే చోటు, సమయం రాసుకుని అటవీ శాఖకి చెప్పండి.

ఐదో రోజు: ఆటపాక

దిండి నుంచి పాలకొల్లు, భీమవరం, ఆకివీడు మీదుగా కైకలూరు. ఆటపాక పక్షుల కేంద్రం ఊరిని ఆనుకునే ఉంది. మధ్యాహ్నం మూడున్నరకి చేరేలా బయల్దేరండి. మిట్టమధ్యాహ్నం పిట్టలు కునుకుతుంటాయి, వెలుతురూ ఫోటోకి బాగుండదు. గూడబాతులు (పెలికాన్లు) చెట్ల మీద, అటవీ శాఖ నిలబెట్టిన ఇనుప మంచెల మీద గూళ్లు కడతాయి. పిల్ల తలని తల్లి సంచిలోకి దూర్చి చేపలు తినే దృశ్యం బోటులోంచి దగ్గరగా కనబడుతుంది. కొల్లేటిలో నీళ్లు తగ్గిన ఏడాది బోటు నడవకపోవచ్చు, ముందే కనుక్కోండి. అప్పుడు గట్టు మీద నుంచి బైనాక్యులర్స్‌తో చూడటమే. కైకలూరులో రైల్వే స్టేషన్ ఉంది, అన్ని బండ్లూ ఆగవు. సాయంత్రం రైలు కుదరకపోతే భీమవరం వెళ్లండి.

సంచిలో ఏం ఉండాలి

ఎనిమిది రెట్లు చూపించే 8×42 బైనాక్యులర్స్ ఇంటికి ఒకటి చాలు. పది రెట్లది కదిలే పడవలో నిలవదు. కెమెరాకి 300 మిల్లీమీటర్ల పైన లెన్సు. పొడుగు చేతుల చొక్కా, మట్టి రంగో లేత ఆకుపచ్చో. మడమ పట్టీ ఉన్న చెప్పులు, ఎందుకంటే మామూలు స్లిప్పరు బురదలోనే ఉండిపోతుంది. మనిషికి పడవ పూటకి లీటరున్నర నీళ్లు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, దోమల మందు, ఫోనుకి నీళ్లు పోని కవరు. పడవల దగ్గర, పంటు దగ్గర సిగ్నల్ లేక ఫోన్‌పే పనిచేయకపోవచ్చు. రెండు మూడు వేలు నోట్లుగా, అందులో కొంత చిల్లరగా ఉంచుకోండి. ఖాళీ సీసాలు, కవర్లు వేసుకోవడానికి ఒక గుడ్డ సంచి. మడ వేళ్లకి చుట్టుకున్న ప్లాస్టిక్ ఏ పోటుకీ తిరిగి పోదు.

బయల్దేరే ముందు వారం మూడు ఫోన్లు చేయాలి: కోరింగ బోట్ల గురించి, దిండి గది గురించి, ఆటపాకలో నీళ్ల గురించి. ముందురోజు సాయంత్రం నాలుగోది, పడవ నడిపే మనిషికి, పోటు ఎన్నింటికని.